చేతి మహిమ అంటారు, లెక్క సంగతి ఎవరూ ఎత్తరు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే దారిలో ఉన్నాయి, మూడూ సొంతంగా వ్యాపారం చేసి ఇల్లు నిలబెట్టిన ఆడవాళ్ళ గురించే. మొదటి ఉత్తరం పెద్దది, జవాబు కూడా పెద్దదే అయింది, మిగతా ఇద్దరూ ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: అమ్మా నమస్తే. మాది చిక్కడపల్లి. మా అమ్మమ్మ పోయిన ఆషాఢంలో చనిపోయింది, ఇంకో రెండు నెలల్లో సంవత్సరీకం. ఆ రోజు చుట్టాలందరికీ పంచడానికి చిన్న పుస్తకం వేద్దామనుకున్నాం, రాసే పని నా మీద పెట్టారు. నేను కూతురి కూతుర్ని, మాదాపూర్‌లో జాబ్ చేస్తున్నా.

అమ్మమ్మది కృష్ణా జిల్లా. 1963లో పెళ్ళయి హైదరాబాద్ వచ్చింది, తాతయ్య గవర్నమెంట్ ఆఫీసులో గుమాస్తా. 1971లో చేతి గాజు ఒకటి తాకట్టు పెట్టి 150 రూపాయలతో రెండు జాడీల ఆవకాయ పెట్టి, తాతయ్య ఆఫీసులో ఆడవాళ్ళకీ మా సందులో రూముల్లో ఉండే బ్యాచిలర్లకీ అమ్మింది. 1978కి షాపు పెట్టింది, ఒక టైంలో 14 మంది ఆడవాళ్ళు పని చేసేవాళ్ళు. మావయ్యలిద్దరి చదువులు, అమ్మ పెళ్ళి, ఇప్పుడున్న ఇల్లు అన్నీ అందులోంచే వచ్చాయి. తాతయ్య చాలా మంచాయన, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి సీసాలకి లేబుళ్ళు అంటించేవాడు. 1994లో రిటైరయ్యాడు, 2003లో పోయాడు. షాపులో ఫ్రేమ్ కట్టి ఉన్న లైసెన్స్ మాత్రం తాతయ్య పేరు మీద ఉంది, 1994ది. బోర్డు మీద ఇప్పుడు పెద్దమావయ్య పేరు, కింద అండ్ సన్స్ అని.

పెద్దకర్మ రోజు మాట్లాడిన ప్రతి ఒక్కళ్ళూ ఆవిడ చేతిలో అమృతం ఉండేది, అన్నపూర్ణమ్మ అనే అన్నారు. ఒక్కరు కూడా వ్యాపారం అన్న మాట ఎత్తలేదు. తర్వాత ఇనప ట్రంకు పెట్టెలో ఎర్రగుడ్డ అట్టవేసిన పొడుగు ఖాతా పుస్తకాలు 31 దొరికాయి, అన్నీ అమ్మమ్మ చేతిరాతే, చివరిది 2020 మార్చి 21 దగ్గర ఆగిపోయింది. అందులో కొన్ని నాకు అర్థం కావట్లేదు. ప్రతి ఏడూ ఫిబ్రవరిలో చీటీ పాడింది, 1984లో అయితే 5 వేల చీటీ పాడుకుంటే చేతికి 4,100 వచ్చిందని రాసింది. అదే చీటీ చివరిదాకా ఆగితే మొత్తం వచ్చేది కదా, మా అమ్మకి లెక్కలు తెలీవు అని మావయ్య నవ్వేశాడు.

పుస్తకంలో 'తాతయ్య స్థాపించిన' అని రాయమంటున్నాడు మావయ్య, డబ్బుల సంగతులు రాయడం మర్యాద కాదంటున్నాడు. ఇంకోటి ఉంది, అది ఎలా చెప్పాలో తెలీట్లేదు. 1986లో మా అమ్మకి ఇంటర్ అయ్యాక కోఠీ ఉమెన్స్ కాలేజీలో సీటు వచ్చింది, షాపులో మనిషి చాలట్లేదని అమ్మమ్మ పంపలేదు. ఇప్పటికీ అమ్మ ఆ రోడ్డు మీద వెళ్తే మాట్లాడదు. ఇది రాయాలా వద్దా? ఉద్దర ఖాతాల్లో ఎవరెవరివో పేర్లున్నాయి, వాటినేం చేయాలి? తాతయ్యని తక్కువ చేయకుండా, అమ్మమ్మ గురించి అబద్ధం చెప్పకుండా ఎలా రాయాలో చెప్పండి.

జవాబు: తల్లీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండోసారి ఒక దగ్గర ఆగిపోయాను. తాతయ్య గవర్నమెంట్ గుమాస్తా అన్నావు, షాపు పెట్టింది 1978లో అన్నావు, ఆయన రిటైరైంది 1994లో, గోడ మీది లైసెన్సూ 1994దే. ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి చూడు ఒకసారి. మన దగ్గర ప్రభుత్వ ఉద్యోగులకి 1964 నుంచి కాండక్ట్ రూల్స్ ఉన్నాయి, ఉద్యోగంలో ఉన్న మనిషి ముందుగా పర్మిషన్ లేకుండా సొంత వ్యాపారం చేయకూడదు, ఇంట్లోవాళ్ళు ఎవరైనా చేస్తుంటే ఆ సంగతి పైవాళ్ళకి తెలియజేయాలి. మరి 1978 నుంచి 94 దాకా, పదహారేళ్ళు ఆ షాపు ఎవరి పేరు మీద నడిచింది? ఒక గుమాస్తా గారు తన పేరు మీద పచ్చళ్ళ షాపు పెట్టుకుని పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళి సంతకం పెట్టడం జరిగే పని కాదు. నాకైతే ఆ పాత కాగితాలు అమ్మమ్మ పేరు మీదే ఉంటాయని గట్టి నమ్మకం, రిటైరయ్యాకే తాతయ్య పేరుకి మార్చుంటారు.

కాబట్టి రాయడం మొదలెట్టే ముందు వెతుకు. ట్రంకు పెట్టె అడుగు, బీరువా పైన అటక, సేల్స్ ట్యాక్స్ లెక్కలు చూసిన ఆడిటర్ గారి ఇల్లు. మునిసిపాలిటీ ట్రేడ్ లైసెన్స్ అయితే దాని మీద ఎం.సి.హెచ్. అని, అంటే మునిసిపల్ కార్పొరేషన్ ఆఫ్ హైదరాబాద్ అని ఉంటుంది, జీహెచ్‌ఎంసీ వచ్చింది 2007లో కదా. ఇప్పుడు సీసాల మీద కనపడే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు కోసం చూడకు, అది 2011 తర్వాతి సంగతి, అంతకుముందు ఆహార కల్తీ నిరోధక చట్టం అని 1954 నాటిది ఉండేది, దాని కింద ఇచ్చిన లైసెన్స్ ఉంటుంది. అన్నిటికన్నా మంచి కాగితం ఒకటుంది, తాతయ్య తన ఆఫీసుకి 'నా భార్య పచ్చళ్ళ వ్యాపారం చేయుచున్నది' అని రాసిచ్చిన ఉత్తరం. ఆయన పద్ధతి గల మనిషయితే అది తప్పకుండా ఇచ్చుంటారు, నకలు కూడా దాచుకునుంటారు. అది దొరికితే మావయ్యతో నువ్వు వాదించాల్సిన పనే లేదు, వాళ్ళ నాన్నే స్వయంగా చెప్పినట్టు.

దొరక్కపోయినా 'తాతయ్య స్థాపించిన' అని మాత్రం రాయకు. తాతయ్యని తక్కువ చేయడం గురించి భయపడుతున్నావు, నాకు నీ ఉత్తరంలో అందరికన్నా నచ్చిన మనిషి ఆయనే. ఆ రోజుల్లో ఆఫీసు నుంచి వచ్చి, భార్య వ్యాపారానికి కూర్చుని లేబుళ్ళు అంటించిన మగాళ్ళు మీ సందులో ఎంతమంది ఉండుంటారు చెప్పు? అది రాయి, వివరంగా రాయి, మైదా ఉడకబెట్టి జిగురు చేసేవాడా, గమ్ము డబ్బా కొనేవాడా, లేబుల్ మీద తారీఖు ఎవరు వేసేవాళ్ళు, అన్నీ. చేయని పనికి పేరు ఇచ్చామంటే చేసిన పనిని తీసేసినట్టే, తాతయ్య విషయంలో ఆ అన్యాయం మీరే చేస్తున్నారు ఇప్పుడు.

ఇంక ఈ చేతిలో అమృతం సంగతి. ఈ మాట వింటే నాకు కడుపు మండుతుంది, ఉన్నదున్నట్టు చెప్తున్నా. ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ ఆవకాయ రుచి చేతి మహిమ అనేస్తే ఆ మనిషి తల వాడలేదని చెప్పినట్టు. ముప్పై కిలోల ముక్కల్లో వచ్చిన రుచే మూడొందల కిలోల్లోనూ రావాలంటే, పోయినేడు కొన్నవాడికి ఈ ఏడూ అదే కారం తగలాలంటే, అది చెయ్యి చేసే పని కాదు. కాయ గాలివానకి రాలిందా చెట్టు మీద కోసిందా చూడాలి, తొలకరి పడకముందే కొనేయాలి, లేకపోతే కాయలో నీరెక్కి ముక్క మెత్తబడి జాడీ మొత్తం బూజు పడుతుంది. కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయ దొరక్కపోతే తెల్లగులాబి రకం ఎంత, కారం ఎంత తగ్గించాలి, రంగు కోసం వరంగల్ చపాటా మిర్చి ఎంత కలపాలి, పప్పునూనె రేటు పెరిగితే సీసా రేటు పెంచాలా, సీసా తగ్గించాలా. మూడో రోజు తిరగకలిపేటప్పుడు ఉప్పు చూసి నిర్ణయం తీసుకోవాలి, అప్పుడు పొరపాటు చేస్తే ఏడాది సరుకు పోయినట్టే. 1959లో బొంబాయి గిర్గావ్‌లో ఏడుగురు ఆడవాళ్ళు 80 రూపాయల అప్పుతో మేడ మీద అప్పడాలు ఒత్తి లిజ్జత్ మొదలెట్టారు కదా, ఆ కథ చెప్పేటప్పుడు ఎవరైనా ముందు ఆ 80 రూపాయలే చెప్తారు. మీ అమ్మమ్మ 150 రూపాయలు కూడా అలాగే మొదటి పేజీలో ఉండాలి. 1971లో పది గ్రాముల బంగారం దాదాపు 200 రూపాయలు, అంటే ఆ గాజు మీద రావాల్సినంత తెచ్చుకుంది ఆవిడ, తాకట్టు షాపువాడితో బేరం కూడా ఆడే ఉంటుంది.

ఇప్పుడు చీటీకి వద్దాం, నీ ఉత్తరంలో అసలైన ముడి అక్కడుంది. ఫిబ్రవరిలోనే ఎందుకు పాడింది? కొత్త మిర్చి ఎప్పుడొస్తుందో మలక్‌పేట గంజ్ మార్కెట్లో ఎవర్నడిగినా చెప్తారు, సంక్రాంతి దాటాక మొదలై ఫిబ్రవరి, మార్చిలో ముంచెత్తుతుంది, రేటు దిగేది అప్పుడే. కొత్త ఆవాలూ అప్పుడే. మార్చి ఆఖరుకి మామిడికాయ, ఏప్రిల్, మే రెండు నెలలు ఊపిరి సలపని పని, కూలీలు, జాడీలు, నూనె. అంటే పన్నెండు నెలలు అమ్మే సరుకుకి డబ్బంతా నాలుగు నెలల్లో పెట్టేయాలి, వచ్చేది మాత్రం ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా వస్తుంది. ఆ నాలుగు నెలలకి ఆవిడకి డబ్బు ఎవరిస్తారు? బ్యాంకుకి వెళ్ళినట్టు ఖాతాలో ఎక్కడైనా ఉందేమో చూడు, ఆ కాలంలో బ్యాంకుకి వెళ్ళిన ఆడవాళ్ళని భర్త సంతకం తెమ్మని వెనక్కి పంపడం నేను కళ్ళారా చూశాను, మా మేనత్త ఒకసారి కౌంటర్ దగ్గరే ఏడ్చేసింది. ఇంక మిగిలింది వడ్డీ వ్యాపారి. నూటికి మూడు రూపాయలు మామూలు వడ్డీ, 4,100కి నెలకి 123, ఎనిమిది నెలలకే 984 అవుతుంది, అసలు అసలే ఉంటుంది. చీటీలో ఆవిడ వదులుకున్నది మొత్తం 900. పైగా మిగతా నెలల్లో వేరేవాళ్ళు పాడినప్పుడు ఆవిడకి డివిడెండ్, అంటే వాళ్ళు వదులుకున్న దాంట్లో వాటా వస్తుంది, వాయిదాలు నెలనెలా షాపు గల్లా లోంచి కడుతుంది. 900 పోగొట్టుకోలేదమ్మా, 900 పెట్టి మిర్చి చవగ్గా ఉన్న నెలలో చేతిలో రొక్కం ఉండేలా చూసుకుంది. మావయ్యకి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించు, అదే ఏడు ఫిబ్రవరి పేజీలో చీటీ పద్దు కిందే మిర్చి బస్తాల పద్దు ఉంటుంది చూడు, ఉండకపోతే నన్నడుగు. ఆ రోజుల్లో మిర్చి రేటు ఎలా మారిందో తెలుసుకోవాలంటే అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో పాత తెలుగు పేపర్లు తిరగేయి, మార్కెట్ ధరల కాలమ్ ఉంటుంది. నువ్వు ఒక సెలవురోజు కూర్చుంటే సరిపోతుంది, మీ ఇంటి నుంచి ఎంత దూరం గనక.

డబ్బు సంగతి రాయడం మర్యాద కాదని మావయ్య అన్న మాటకి ఒకటి చెప్తాను. మౌలాలీ గుట్ట కింద మహలఖా బాయి సమాధి ఉంది, ఉర్దూలో గజళ్ళు రాసిన ఆవిడ, నిజాం దర్బారులో జాగీర్లు పొందిన ఆడమనిషి. తన తల్లి కోసం అక్కడ సమాధి కట్టించింది, 1824లో తను పోయాక తననీ అక్కడే పెట్టారు. ఆవిడ గురించి రాసినవాళ్ళెవరూ జాగీర్ల సంగతి దాచలేదు, దాస్తే ఆవిడ అర్థమే కాదు. సంపాదించుకున్న మనిషి గురించి రాస్తూ సంపాదన దాచడం నాకు ఎందుకో దొంగతనంగా అనిపిస్తుంది. మావయ్య ఇబ్బంది ఆస్తి వివరాలు బయటపడతాయనయితే అది వేరు, ఇల్లు ఎన్ని గజాలు, ఎంత ఉంది అనేవి రాయక్కర్లేదు. ఎలా సంపాదించిందో రాయి.

ఉద్దర ఖాతాల పేర్లు మాత్రం బయట పెట్టకు. ఎవరి ఇంట్లో ఎప్పుడు చేతిలో డబ్బుల్లేక పావుకిలో మాగాయ అప్పు పెట్టుకున్నారో అది వాళ్ళ సంగతి, అమ్మమ్మ బతికున్నన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు కదా. ఎంతమందికి ఇచ్చింది, ఎన్నేళ్ళు ఆగింది, ఏం గుర్తు పెట్టి బాకీ కొట్టేసింది అని రాస్తే చాలు. పని చేసిన 14 మంది పేర్లు మాత్రం వాళ్ళనో వాళ్ళ పిల్లల్నో అడిగి తప్పకుండా వేయి, వాళ్ళు లేకుండా ఆ షాపు లేదు. జీతాల పేజీలు జాగ్రత్తగా చూడు. మన ఇళ్ళల్లో బయటున్న రోజుల్లో ఆడవాళ్ళు జాడీ ముట్టుకోకూడదని పట్టింపు ఉండేది, మరి ఆ రోజుల్లో అమ్మమ్మ వాళ్ళకి సెలవిచ్చిందా, సెలవిస్తే జీతం కోసిందా, లేక ఆ పట్టింపే వదిలేసిందా, నెలకి ఎన్ని రోజులు హాజరు వేసిందో లెక్కపెడితే తెలిసిపోతుంది. ఏం కనపడితే అది రాయి. ఆవిడ కాలం కన్నా ముందున్న మనిషని చూపించాలనే తాపత్రయంలో కనపడనిది రాయకు.

అమ్మ చదువు సంగతి. ఇక్కడ నాకు కూడా చెయ్యి ఆగింది. రాయాలనే నా మాట, కానీ అది నీ కథ కాదు, మీ అమ్మది. ముందు అమ్మని అడుగు. రాయద్దు అంటే రాయకు, అప్పుడు ఆ చోట వేరే మంచి మాటలు నింపి అమ్మమ్మ కూతుర్ని ఎంతో ప్రేమగా చూసుకుందని కూడా రాయకు, ఊరికే వదిలేయి. రాయమంటే అమ్మ చేతే ఒక పేజీ రాయించు, ఆవిడ మాటల్లోనే, నువ్వు ఒక్క అక్షరం దిద్దకు. 1986 ఖాతా తీసి జూన్, జులై పేజీలు అమ్మ ముందు పెట్టు. అడ్మిషన్ల టైం అదే, ఆవకాయ పట్టడం అయిపోయి సీసాలు నింపే టైం అదే. ఆ నెల్లో ఎంతమంది పనికి వచ్చారు, ఎవరు మానేశారు, చేతిలో ఎంత ఉంది అన్నది అందులో ఉంటుంది. అమ్మమ్మ చేసింది ఒప్పని నేను అనట్లేదు, మావయ్యలని చదివించి కూతుర్ని షాపులో కూర్చోబెట్టింది, అది తప్పే, తన కష్టం తెలిసిన మనిషి చేసింది కాబట్టి ఇంకా పెద్ద తప్పు. కానీ ఇన్నేళ్ళుగా మీ అమ్మ దగ్గరున్నది ఒక్క 'వద్దు' అన్న మాటే. ఆ నెల లెక్క కూడా ఆవిడ చూడాలి. చూశాక కోపం తగ్గచ్చు, పెరగచ్చు కూడా, ఏదైనా అది ఆవిడ హక్కు. ఒకటి మాత్రం నువ్వు అడగాల్సింది ఉంది, 1986 తర్వాత షాపులో అమ్మ ఎన్నేళ్ళు పని చేసింది, జీతాల పేజీలో ఆవిడ పేరు ఉందా? నీ ఉత్తరంలో అమ్మ పెళ్ళి అందులోంచే అయిందని రాశావు, అమ్మ కష్టం ఎంత పెట్టిందో రాయలేదు. అండ్ సన్స్ బోర్డు కింద ఆ కూతురు కూడా నలిగిపోయింది తల్లీ.

ఆ పుస్తకాల జాగ్రత్త గురించి. మంచి చేద్దామని లామినేషన్ చేయించేవు, ఒకసారి చేస్తే మళ్ళీ తీయలేం. చిరిగిన చోట సెల్లోటేప్ వద్దు, కొన్నాళ్ళకి పసుపు మరక వేసి కాగితాన్ని తినేస్తుంది. తడిగుడ్డతో తుడవకు, సిరా పోతుంది. పచ్చళ్ళ షాపు పుస్తకాలు గనక నూనె మరకలు ఉండే ఉంటాయి, ఆ పేజీల మధ్య తెల్ల కాగితం పెట్టు, లేకపోతే నూనె పక్క పేజీకి పాకుతుంది. పగటి వెలుతుర్లో కిటికీ పక్కన పెట్టి ప్రతి పేజీ ఫోన్‌తో ఫొటో తీసి రెండు చోట్ల దాచు. ప్లాస్టిక్ కవర్లో కట్టేయకుండా పాత కాటన్ చీరలో చుట్టి ఎత్తు మీద పెట్టు, అమ్మమ్మ చీరే ఉంటే అదే వాడు. పాత పేజీల్లో ఎక్కడన్నా వీశె అని కనపడితే కంగారు పడకు, సుమారు కిలో నాలుగు వందల గ్రాములు, మీ అమ్మమ్మ పుట్టింటి వైపు పెద్దవాళ్ళు ఆ లెక్కే వాడేవాళ్ళు.

2020 మార్చి 21 పేజీని మాత్రం పుస్తకంలో ఫొటోగా వేయి. మర్నాడే జనతా కర్ఫ్యూ, ఆ తర్వాత లాక్‌డౌన్, సరిగ్గా మామిడికాయ దిగే రోజులు. అప్పటిదాకా సీజన్ తప్పని మనిషి. ఆ రోజు చివరి పద్దు ఏమిటో, ఎంత రాసిందో కింద టైపు చేసి ఊరుకో, ఇంకేం వ్యాఖ్య వద్దు.

ప్రశ్న: మేడమ్, మాది ఉప్పల్. మా అమ్మ ఇంట్లోనే టైలరింగ్ చేసి, తర్వాత చిన్న షాపు పెట్టి, ఆ డబ్బుతో తన పేరు మీద ఒక ప్లాటు కొన్నది. నాన్న ముందే పోయారు, అమ్మ రెండేళ్ళ కింద పోయింది, వీలునామా రాయలేదు. మేం ఇద్దరు అన్నదమ్ములం, ఒక చెల్లి. చెల్లికి పెళ్ళిలో బాగానే ఇచ్చాం కాబట్టి ప్లాటులో వాటా లేదని తమ్ముడు అంటున్నాడు. నాకు మనసొప్పట్లేదు.

జవాబు: మీ మనసే కరెక్ట్ బాబూ. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ ప్రకారం అమ్మ పేరు మీదున్న ఆస్తి పూర్తిగా అమ్మదే, మీ నాన్నగారిది కాదు, ఉమ్మడి ఆస్తి కాదు. వీలునామా లేకుండా పోతే 15వ సెక్షన్ ప్రకారం ముందు కొడుకులు, కూతుళ్ళు, భర్త సమానంగా. భర్త లేరు గనక మీ ముగ్గురికీ మూడు సమాన వాటాలు. పెళ్ళిలో ఎంత పెట్టారు అన్నదానికీ దీనికీ సంబంధం లేదు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లో, దేశమంతా 2005లో కూతుళ్ళకి హక్కు వచ్చిందని అంటారు చూడండి, అది తండ్రి వైపు ఉమ్మడి ఆస్తి సంగతి, మీ తమ్ముడు ఆ రెండూ కలిపేసి మాట్లాడుతున్నట్టున్నారు. తల్లి ఆస్తిలో కూతురికి వాటా 1956 నుంచీ ఉంది.

ఈ సందర్భంలో సొంతంగా సంపాదించుకుంటున్న ఆడవాళ్ళకి ఒక మాట చెప్పాలి, ముఖ్యంగా పిల్లలు లేనివాళ్ళకి. అదే 15వ సెక్షన్‌లో, భర్తా పిల్లలూ లేకుండా వీలునామా రాయకుండా పోతే, ఆవిడ చెమటోడ్చి సంపాదించింది సొంత తల్లిదండ్రుల కన్నా ముందు భర్త వైపు వారసులకి వెళ్తుంది. పెళ్ళయిన మూణ్ణెల్లకే భర్త పోతే అత్తింటివాళ్ళు వెళ్ళగొట్టిన ఒక ఆవిడ, పుట్టింట్లో ఉండి చదువుకుని ఉద్యోగం చేసి కూడబెట్టిన డబ్బు, ఆ అత్తింటి వైపు వాళ్ళకే చెందుతుందని 2009లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. వీలునామాకి స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయించుకుంటే మంచిదే. తెల్ల కాగితం మీద రాసి సంతకం పెట్టి, ఇద్దరు సాక్షుల చేత సంతకం చేయిస్తే చాలు, వాటా వచ్చేవాళ్ళని సాక్షులుగా పెట్టకండి. మీ కేసులో మాత్రం లాయర్ దగ్గరికి వెళ్ళే ముందు చెల్లిని ఇంటికి పిలిచి మీరే ఈ మాట చెప్పండి, కోర్టు కాగితంలో చదవడం కన్నా అన్న నోటి నుంచి వినడం వేరు.

ప్రశ్న: అక్కా, మాది మెహిదీపట్నం. మా అమ్మకి 74 ఏండ్లు, ఇప్పటికీ తెల్లారి నాలుగింటికి లేచి గుడిమల్కాపూర్ మార్కెట్ పోయి పూలు తెచ్చి గుడి కాడ అమ్ముతది. అంతకుముందు జాంబాగ్ కెళ్ళి తెచ్చేది. మా నలుగురిని ఆ పూల మీదనే సాదింది. ఆమె ముచ్చట్లు రికార్డ్ చేద్దామని ఫోన్ పట్టుకుని కూసుంటే నాకేం తెల్వది బిడ్డా, పూలమ్మేటిదాన్ని అంటది. ఎట్ల మాట్లాడియ్యాలె?

జవాబు: చెల్లే, ఫోన్ పట్టుకుని ఎదురుగ కూసుంటే పోలీసు లెక్క ఉంటది, ఎవరు మాట్లాడుతరు? నీ జీవితం చెప్పు అని అడగకు, అంత పెద్ద ప్రశ్నకి నా దగ్గరా జవాబు లేదు. ఒక రోజు నాలుగింటికి నువ్వు కూడా లేచి ఆమెతోటి మార్కెట్ పో, పూల గంప నువ్వు మొయ్యి. అక్కడ ఆమె బేరం చేస్తుంటే విను, ఏ షావుకారి దగ్గర ఆగింది, ఎవరి దగ్గర ఆగకుండా పోయింది చూడు, తిరిగి వచ్చేటప్పుడు ఆటోల కూసుని, ఆ షావుకారి దగ్గర ఎందుకు తీసుకోలేదమ్మా అని అడుగు, ఇంటికొచ్చేదాక చెప్తనే ఉంటది. జాంబాగ్‌ల మార్కెట్ ఉన్నప్పుడు ఏ బస్సుకి పోయేది, గంపకి టికెట్ ఎంత తీసుకునేది, మిగిలిన పూలు ఏం చేసేది, ఇట్ల చిన్నచిన్నవి అడుగు. మొదటి పది దినాలు రికార్డింగ్ వద్దు, రాత్రి పండుకునే ముందు నీకు యాదికున్నవి రాసుకో.

ఇంకోటి, మూర. మోచెయ్యి నుంచి వేలి కొస దాక మూర కదా, పూలమ్మే ఒక్కొక్కరి చెయ్యి ఒక్కొక్క పొడుగు. మీ అమ్మ మూర ఎంతుందో టేపు పెట్టి కొలువు, ఆమెని నవ్వుకుంటనే అడుగు, నీ చెయ్యి పొడుగు కాబట్టి నీకు నష్టం కాదా అని. దానికి ఆమె ఏం జవాబు చెప్తదో నాకు రాసి పంపు, చాలా ఆశతోటి చూస్త. పండుగల లెక్క కూడా అడుగు, శ్రావణ శుక్రవారాలకి ఎంత తెచ్చేది, బతుకమ్మకి బంతిపూలు ఎన్ని దినాల ముందు మాట్లాడి పెట్టుకునేది, గునుగు, తంగేడు ఎక్కడికెళ్ళి వచ్చేది. అడిగేదేమున్నా బతుకమ్మకి ముందే అడుగు, సద్దుల నాడు పోయినవంటే ఆమె నీ చేతికి కూడా పూలు ఇచ్చి అమ్మమంటది.